రుచిత పెదవుల మీది మాట

వలసొచ్చిన ఊళ్లోని లింబాయత్ పేట మరమగ్గాల షెడ్డులో మార్కండేయ పెళ్లికాక ముందు నుంచీ చీరలు నేస్తున్నాడు. అతని చిన్న కూతురు రుచిత అదే ఊళ్లోని అడాజన్‌లో చక్రాల స్కేట్లతో మొదలుపెట్టి, లదాఖ్ మంచు మీద నేర్చుకుని, పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయిల భారత ఐస్ హాకీ జట్టుకు గోల్‌కీపర్ అయింది. విదేశంలో ఆమె ఆడే మొదటి మ్యాచ్‌ని మార్కండేయ షెడ్డులోనే ఫోన్‌లో చూశాడు.

"నీ బిడ్డ మనిషా, అల్మారానా అన్నా? గన్ని మెత్తలు తొడుక్కున్నది!" అని పక్క మగ్గం శివకృష్ణ ఎగతాళి చేస్తే మురిసిపోయాడు.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. గోల్ మీద గోల్ పడింది. కోచ్ రుచితను బయటికి పిలిచి ఇంకో అమ్మాయిని దింపాడు. బెంచీ మీద కూర్చుని రుచిత హెల్మెట్ తీసింది. కెమెరా ఆమె ముఖం దగ్గరికొచ్చింది. పక్కమ్మాయితో ఏదో అంది.

మగ్గాల మోతలో గొంతు వినపడదు కనుక అక్కడి పనివాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. మార్కండేయకు కూతురి మాట తేటగా తెలిసింది. "మా నాన్న చూస్తుంటాడు, కాస్త నాకు అడ్డంగా కూర్చో" అని హిందీలో బతిమాలుతోంది.

"ఏమంటున్నదన్నా?" అన్నాడు, తెగిన పోగు ముడేసి అప్పుడే తలెత్తిన శివకృష్ణ.

"నీళ్లడుగుతున్నది."

సాయంత్రం రుచిత ఫోన్ చేసింది.

"చూసినవా నాన్నా?"

"యాడ జూసిన బిడ్డా! శేట్ అచ్చిండు, ఫోన్ బందువెట్టిన. ఎట్లాడినవ్?"



"మంచిగనే ఆడిన నాన్నా."

"శభాష్ బిడ్డా" అని మార్కండేయ ఫోన్ పెట్టేశాడు.