పైట ఎడం భుజం మీద

మోండా మార్కెట్లో ఉల్లిగడ్డల బస్తాలు మోసే కన్నబాబు నన్ను చూస్తే బస్తా దించి మరీ దండం పెడతాడు. వద్దురా అంటే వినడు, మొండిఘటం! అసలు దండం పెట్టాల్సింది నాకు కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

వాళ్ళది శ్రీకాకుళం వైపు. మల్కాజ్‌గిరిలో ఆటో నడిపేవాడు. ఒకరోజు తాగి నడిపి, రోడ్డు దాటుతున్న పాలాయన ప్రాణం తీశాడు. జైలుశిక్ష పడింది. వాళ్ళమ్మ అప్పలకొండమ్మ నెలనెలా ములాఖాత్‌కు వచ్చేది. ఎదురుగా కూర్చునేది, చూసేది, వెళ్ళిపోయేది.

"తిట్టినా బాగున్ను సార్. మూడేళ్ళయింది, ఒక్క మాటాడదు" అని నా దగ్గర ఏడ్చాడు.

నేను రిటైరైన పంతుల్ని, జైల్లో నాటకాలు నేర్పుతాను. పేరు బ్రహ్మచారి. పేరుకు తగ్గట్టే పెళ్ళి కాలేదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఏడు నాటకంలో, తాగుబోతు డ్రైవరు చేతిలో కొడుకును పోగొట్టుకున్న తల్లి వేషం ఉంది. మీసం తీయడానికి ఒప్పుకున్నది కన్నబాబు ఒక్కడే. కానీ "నా కొడుకేం చేశాడయ్యా నీకు?" అనే మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయేవాడు.

"ఏందిరా, గిట్లయితే నాటకం ఎట్ల నడుస్తది? జెర నోరు తెర్వు!" అని అరిచేవాణ్ణి.

నాటకం రోజు ఖైదీల ఇళ్ళవాళ్ళను పిలిచారు. అప్పలకొండమ్మ ముందు వరసలో కూర్చుంది. కన్నబాబు చీరలో వచ్చాడు. పైట కుడి భుజం మీద! జనం కిసుక్కున నవ్వారు. వాడు కొయ్యబారిపోయాడు.

"ఒరే కన్నా! పైట ఎడం బుజం మీదరా! సీర అలాగేటి కడతారు?"

లేచి నిలబడి అరిచింది అప్పలకొండమ్మ. వాడు తల్లినే చూస్తూ పైట మార్చుకున్నాడు. ఆమె వైపే తిరిగి, "నా కొడుకేం చేశాడయ్యా నీకు?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు?

విడుదలైన రోజే తల్లీకొడుకులు పాలాయన ఇంటికి వెళ్ళి, గుమ్మం బయట నిలబడి తప్పయిందన్నారు. వాడు మళ్ళీ మందు ముట్టలేదు.

"ఇప్పుడు రోజంతా తిడతాది సార్!" అని మురిసిపోతాడు.

ఇన్నాళ్ళూ దాచిన సంగతి మొన్న అప్పలకొండమ్మకు చెప్పేశాను. ఆ చీర కట్టు నేర్పింది నేనే. వాడికి ఎదురుగా నిలబడి చూపించాను, నా ఎడమ వాడికి కుడి అయింది.

"సదూకున్నోరు, ఏ సెయ్యేదో తెల్దేటి బాబూ!" అని నన్నూ తిట్టింది.

ఆ తిట్లన్నీ తిని, ఆమెకు దండం పెట్టాను.