నీళ్ళలో పోయిన తల్లి

గంగాబాయిది నిర్మల్ దగ్గర గోదావరి ఒడ్డున బెస్తల వాడ. తొంభై ఒకటిలో ఆమె భర్త వలతో వెళ్ళి వరదలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఆమెకు ఏడుపూ రాలేదు. ఆనాటి నుంచి వాడంతా గంగమ్మకు బోనం ఎత్తుతుంటే ఆమె మాత్రం తలుపు వేసుకుని కూర్చునేది. మూడేళ్ళకు ఇంటిపని వీసా మీద ఖతార్ వచ్చింది.

దోహాలో ఊనా అనే ఐర్లండ్ ఆవిడ ఇంట్లో పని దొరికింది. ఊనా పిల్లలకు సంగీతం నేర్పేది. ఒంటరి మనిషి, అరవైకి దగ్గర పడింది. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి ఉండడంతో హిందీ బాగానే వచ్చు.

ప్రతి శుక్రవారం ఉదయం ఊనా కిటికీ దగ్గరున్న రాతిగిన్నెలో నీళ్ళు మార్చి, చెంచాడు పాలు పోసి, కొవ్వొత్తి వెలిగించి కళ్ళు మూసుకునేది. గిన్నె అడుగున, తన ఊరి నది నుంచి తెచ్చుకున్న నాలుగు గులకరాళ్ళు ఉండేవి.

“బోవన్. మా ఊరి నదీదేవత,” అంది ఊనా ఒకరోజు. “వెనకటివాళ్ళు కొలిచి మరిచిపోయారు. ఇప్పుడు మాలాంటివాళ్ళం కొందరం మళ్ళీ కొలుస్తున్నాం.”

“నది మనుషుల్ని మింగుతుంది మేడం. దానికి దండమెందుకు?”

“నీవాళ్ళెవరిని మింగింది?” అని ఊనా మెల్లగా అడిగింది. గంగాబాయి చెప్పింది.

ఊనా కథ ఎత్తుకుంది. “బోవన్ ఎవరూ వెళ్ళకూడని బావి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు పొంగి మీద పడ్డాయి. కాలు, చేయి, కన్ను పోగొట్టుకుని సముద్రం దాకా కొట్టుకుపోయింది. ఆమె పోయిన దారే నది అయింది.”

“అయితే ఆమె ఎవర్నీ ముంచలేదా?”

“లేదు గంగా. ఆమే మునిగింది.”

గంగాబాయి వంటింట్లోకి పోయి, సగం తరిగిన ఉల్లిపాయల ముందు చాలాసేపు కూర్చుంది. మరుసటి శుక్రవారం పాలు తనే తెచ్చింది.

తొంభై ఏడులో ఊనాకు క్యాన్సర్ అని తేలింది. “నీళ్ళు మారుస్తుండు. మంత్రాలేం అక్కర్లేదు,” అంది ఆసుపత్రి మంచం మీద. గంగాబాయి ఐదు శుక్రవారాలు మార్చింది. ఆరోది రాకముందే ఊనా పోయింది.

ఊనా తమ్ముడు వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఈ సంగతులు తెలియనివాడు. సామాను సర్దుతూ గిన్నెలో నీళ్ళు సింకులో పారబోశాడు. బట్టలు ఇస్త్రీ చేస్తున్న గంగాబాయికి ఆ చప్పుడు వినబడింది. ఇస్త్రీపెట్టె దించి వచ్చింది. రాళ్ళు మాత్రం అడిగితే ఇచ్చేశాడు.

తర్వాత పని దోహా బయట ఉమ్ సలాల్‌లో, ఒక పెద్ద విల్లాలో. తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవర్ హమీదుద్దీన్‌ది నిజామాబాద్.

“గంగక్కా, ఆడికి పోయినంక బయటికి పోనియ్యరు. ఏమన్న పనుంటే ఇప్పుడే జెప్పు.”

“సముద్రం కాడ జర ఆపు, భాయ్.”

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క రాయే వదిలింది. వాళ్ళ వాడలో ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరు. అయినా “పోశెట్టీ!” అని గొంతెత్తి పిలిచింది.

“ఎవరక్కా?”

“మా ఇంటాయన. ఆరేండ్లాయె పోయి. ఇయ్యాల ఏడుపొస్తున్నది.”

ఆలస్యమవుతున్నా హమీదుద్దీన్ తొందరపెట్టలేదు. ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

కారెక్కాక ఆమె కళ్ళు తుడుచుకుని, ఐర్లండ్ ఎటు దిక్కు ఉంటుందని అడిగింది. అతనికి తెలియదు. విల్లాలో ఆమె అడిగిన వాళ్ళెవరికీ తెలియలేదు.