బొటనవేలు చూసి బేరం

టైలరమ్మ మరిది మనిషి మొహం చూడడు, బొటనవేలు చూస్తాడు. అది నచ్చకపోతే ఎంత డబ్బున్నవాడైనా గేటు బయటే.

టైలరమ్మ భర్త పోతూ పోతూ ఐదు పాతకాలపు ట్రాక్టర్లు వదిలి వెళ్ళాడు. తాళంచెవితో పని లేదు, ముందువైపు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పితే స్టార్టయ్యే రకం. ఓ ముసలి మెకానిక్ వచ్చి, కిందా పైనా దూరి చూసి, మంచి ధరే కట్టాడు. ఒకటో తారీఖుకి కుట్టుమిషన్లు దిగుతున్నాయి. ఈలోగా ట్రాక్టర్లున్న షెడ్డు ఖాళీ అయితేనే అందులో ఆవిడ కుట్టు దుకాణం తెరుచుకుంటుంది. ఇంత సులువైన పనికి అడ్డం ఎవరయ్యా అంటే, ఇంట్లో మనిషే!

మొదట వచ్చినవాడు హ్యాండిల్ పట్టుకున్నాడో లేదో మరిది గావుకేక పెట్టాడు.

"బొటనవేలు! గుప్పిట బిగించి పడతారా ఎవరైనా? ఇంజను వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది. అది మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి. మీకు అమ్మం, వెళ్ళండి!"

"నేను బండి కొనడానికొచ్చానా, పరీక్ష రాయడానికొచ్చానా?" అంటూ అతను విసవిసా వెళ్ళిపోయాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు ఈ గొడవ ముందే విని చేతులు జేబుల్లోంచి తియ్యనేలేదు. దాస్తున్నాడంటే ఏదో లోపం ఉందని అతన్నీ సాగనంపాడు.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, నేను అమ్మేది ట్రాక్టర్లా, వేళ్ళా? వాళ్ళ వేళ్ళు వాళ్ళిష్టం!"

"అదెలా వదినా? అన్నయ్య బండి ఎవరి వేలైనా విరగ్గొడితే మాట ఎవరికొస్తుంది?"

నాలుగోవాడు హోటల్ యజమాని. "నేను స్టార్టే చెయ్యనండీ. ఒక బండి హోటల్ ముందు అందానికి పెట్టుకుంటాను."

"మీ ఇంట్లో పిల్లల్లేరా? వాళ్ళు తిప్పరా?" అని అతన్నీ తరిమాడు.

ఆ దెబ్బతో ఆవిడ మరిదితో మాటలు మానేసింది. మానేశానని చెప్పడానికి మాత్రం రోజుకి నాలుగుసార్లు పిలిచేది. పైగా సాయంత్రమయ్యేసరికి అతను హ్యాండిల్ సంచిలో వేసుకుని మాయమవుతున్నాడు. బేరాలు చెడగొట్టడానికే ఈ ఎత్తు వేశాడని ఆవిడ ఖాయం చేసుకుంది.

నెలాఖరు ఆదివారం చూస్తే, వెళ్ళగొట్టిన నలుగురూ గేటు ముందు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చి హ్యాండిల్ పట్టారు. ఒక్క వేలూ తప్పలేదు. షెడ్డంతా పొగ, చప్పుడు. మొదటివాడు మిగిలిన బండి కూడా తనకే కావాలన్నాడు. మెకానిక్ కట్టిన ధరకి రూపాయి తగ్గలేదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంది టైలరమ్మ నోరు వెళ్ళబెట్టి.

"మీ మరిదిగారు రోజూ మా ఇళ్ళకొచ్చి నేర్పారమ్మా," అన్నాడు హోటల్ యజమాని. "మా పిల్లలక్కూడా. నేర్పినంతసేపూ తిట్లే."

ఆవిడ మరిది వైపు తిరిగింది. "ఆ ముక్క నాతో చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే మీరు వాళ్ళని వెనకేసుకొస్తారు. అప్పుడు నేనెవర్ని తిట్టాలి?" అని అతను కస్సుమన్నాడు.

ఆవిడకి కోపం ఆగలేదు, నవ్వూ ఆగలేదు. "ఒకటో తారీఖు నుంచి నా దుకాణంలో కూర్చో. మిషన్ నేర్చుకునే అమ్మాయిలు వేళ్ళు సూది కింద పెట్టకుండా చూసేవాడు కావాలి. కానీ ఒక్కర్ని తిట్టావంటే ఊరుకోను."

మరిది నిజంగానే అయోమయంలో పడ్డాడు.

"తిట్టకుండా ఎలా నేర్పుతారు వదినా?"