రెండు వైపులా సింహాలున్న పావలా

మిల్లుల సైరన్లు మూగబోయి మూడేళ్ళు కావస్తున్నా వాటి వేళకే మేల్కొనే మనుషులు కామాటిపుర గల్లీలలో ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో, ఈ మహానగరానికి రాళ్ళు మోసి గోడలెత్తిన పాలమూరు కూలీల మూడవ తరం తాపీ పట్టడం మరచి చిన్న చిన్న కొలువులలో కుదురుకుంటున్న కాలంలో, అంటే పంతొమ్మిది వందల ఎనభై ఐదు ఆషాఢం నాటికి, పన్నెండవ గల్లీలోని బిళ్ళల కార్ఖానాలో చేతిప్రెస్సు పిడి తిప్పుతూ గంగవ్వ ఇరవై రెండు సంవత్సరాలు పూర్తి చేసింది.

అక్కడ తయారయ్యేవి బడిపిల్లలు చొక్కాలకు తగిలించుకునే అల్యూమినియం బిళ్ళలు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, నడుమ నున్నని లోహపు ముక్క. పిడి తిరిగితే పై అచ్చు దిగి రెండు ముఖాలూ ఒక్కసారే పడతాయి. గంగవ్వకు అక్షరాలు రావు గాని, అచ్చు ఎక్కడ జారిందో, ఎక్కడ పగిలిందో బొటనవేలితో తడిమి చెప్పగలదు. ఆ వేలు క్రమంగా సర్కారు నాణేల మీదికి కూడా పాకింది. బొమ్మ పక్కకు ఒరిగిన ఇరవై పైసలు, అంచు తెగిన అర్ధరూపాయి చేతికి వస్తే ఒకే కప్పు కింద వరుస గదుల్లో కాపురముండే ఆ చాళ్ళవాళ్ళందరూ ఆమె గడప తొక్కేవారు.

ఒకసారి ఫాక్‌లాండ్ రోడ్డులో పాత నాణేలు అమ్మే కుర్రవాడొకడు అంచు తెగిన అర్ధరూపాయి తెచ్చి, సర్కారు టంకశాలలోనే అలా తెగిందని అందరికీ చెప్పమన్నాడు; ఆమె చెబితే ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చని అతని ఆశ. గంగవ్వ తెగినచోటు చూడనేలేదు. దానికి సరిగ్గా ఎదుటి అంచును తడిమింది.

"పుట్టుకతోనే తెగిన బిళ్ళకు ఎదురంగ ఉన్న అంచు బలం లేక అణిగి ఉంటది. నీదాంట్ల నిండుగున్నది. ఆకురాయితో గీకి నా తాన్కి తెస్తవారా? నడువ్!" అని గల్లీ చివరి దాకా తిట్టుకుంటూ సాగనంపింది.

"మా ఇంట్ల పొయ్యి కన్నా ముందు ఈమెనే అంటుకుంటది" అనేవాడు ఆమె భర్త నర్సింహులు. కోపాన్ని అరిషడ్వర్గంలో చేర్చి హెచ్చరించిన పెద్దలే రుద్రుని స్తుతించేటప్పుడు మొదటి నమస్కారం ఆయన కోపానికే పెట్టారు. ఆ రెండు కోపాలకూ గల భేదం ఆ ఏటి బోనాలనాడు చాళ్ళవాళ్ళకు తెలిసింది.

చాళ్ళ ముంగిట పోచమ్మ గుడి ఉంది. బోనాలకు నెల ముందు ఇంటికొక పసుపుగుడ్డలో ఒక నాణెం ముడుపు కట్టి తల్లి ముందు వేలాడదీస్తారు. పండుగనాటి ఉదయం చాళ్ళ పెద్ద బాలనర్సయ్య ఒక్కొక్క ముడుపే అందరి ఎదుట విప్పుతాడు. ఆ తరువాతనే ఆ ఇంటి ఆడది బోనం ఎత్తాలి. ముత్తమ్మ పాలమూరు నుంచి వచ్చి ఇటుకలు మోసే పడుచు వితంతువు. బిడ్డకు తట్టు పోసి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆమె బోనం మొక్కుకుంది. బిడ్డ కోలుకుంది. మొక్కు ఆనాడే తీరాలి.

ఆమె ముడుపు విప్పిన బాలనర్సయ్య చేయి ఆగిపోయింది. పావలా మీద ఒకవైపు సింహాలు యథాప్రకారం ఉబికి ఉన్నాయి. తిప్పితే అంకె లేదు, సంవత్సరం లేదు. అవే సింహాలు లోపలికి కుంగి, అద్దంలో వలె తిరగబడి ఉన్నాయి.

"చూడుండ్రి, తల్లి మొఖం తిప్పుకున్నది! గిది ఖోటా బిళ్ళ. అమ్మకే దగా చేసింది. ఈమె బోనం ఎత్తద్దు" అన్నాడతడు.

"నాకేం ఎరుక కాకా? పని చేపిచ్చే ముకద్దం కూలి పైసలల్ల ఇచ్చిండు. కొత్తగ మెరుస్తున్నదని ఖర్చు పెట్టక అమ్మకే దాచిన" అంటూ ముత్తమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది. తట్టు మళ్ళీ తిరగబెడుతుందన్న భయం ఆమె ముఖమంతా పరుచుకుంది. పక్కనున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు.

ఆ జరగడం చూసి గంగవ్వ రగిలిపోయింది. "ఇటు తే బావా" అని నాణెం లాక్కుని అంచు చుట్టూ వేలు తిప్పింది. "రెండు బిళ్ళలు ఇనుప శిగంజల బిగించి ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద ఒత్తి దొంగపని చేస్తే అంచు ఉబ్బుతది, ఈ సన్న గీతలు చెదురుతయి, అవతలి బొమ్మ చదునైతది. ఏదీ కాలే. ఇది అసల్ సర్కారు బిళ్ళ. తల్లి మొఖం తిప్పలే, నీ బుద్ధే తిరిగింది. కార్ఖానాకు నడువుండ్రి, చూపిస్త!"

ఆదివారమైనా తాళంచెవి ఆమె కొంగుననే ఉంది. చాళ్ళవాళ్ళందరూ తలుపు వద్ద గుమిగూడారు. తామరపువ్వు కింది అచ్చు, అక్షరాలు పై అచ్చు. గంగవ్వ ఒక బిళ్ళ కొట్టి, దానిని తీయకుండా పై అచ్చుకే అతుక్కొని ఉండనిచ్చింది. కింద కొత్త ముక్క పెట్టి పిడి బలంగా తిప్పింది. బయటికి వచ్చిన బిళ్ళకు ఒకవైపు ఉబికిన తామర, రెండవవైపు అక్షరాల చోట కుంగిన తామర.

"ముందటి బిళ్ళ అతుక్కుంటే వెనకటి దానికి గిట్లయితది. ఇరవై రెండేండ్ల సంది ఇసొంటివి ఎన్ని తీసి పారేసిన్నో! టంకశాలల ఎవడో తీయడం మరిచిండు. వాని మరుపుకు ఈ పిల్ల పాపం మోయాల్నా?"

బాలనర్సయ్య బిళ్ళనూ పావలానూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. అతని కంఠం మారింది. "అట్లయితే ఇది అరుదైన సరుకు. అమ్మితే గుడి కప్పుకు పనికొస్తది. ముత్తమ్మ కూడ ఎత్తనీ, అందరి వెనక నడువనీ."

"పొద్దుగాల పాపం, ఇప్పుడు సరుకా?" గంగవ్వ గొంతుకు రేకుల కప్పు అదిరింది. "అది ఆమె ముడుపు. అమ్మ కాళ్ళకాన్నే ఉంటది. ఆమె అందరికన్న ముంగట నడుస్తది. లేదంటే నా బోనం లేవదు!"

గుడి ముంగిటికి తిరిగి వచ్చి, వేపాకులు చుట్టి సిద్ధం చేసుకున్న తన కుండ ముందు ఆమె చతికిలబడింది. వెనక్కి జరిగిన ఆడవాళ్ళే ఒకరి వెంట ఒకరు వచ్చి తమ కుండల ముందు కూర్చున్నారు. డప్పులు ఆగిపోయాయి. ఒక్క బోనమూ లేవని బోనాలు ఆ చాళ్ళు ఎన్నడూ ఎరుగవు.

చివరికి బాలనర్సయ్య బిందె పట్టుకుని వచ్చాడు. బోనం ఎత్తిన ఆడదానిలో అమ్మవారే ఉంటుందని పాదాలపై నీళ్ళు పోయడం ఆచారం. ముత్తమ్మ బోనం ఎత్తుకుని అందరికంటే ముందు నిలిచింది. అతడు తలవంచి, "తప్పయింది బిడ్డా" అని గొణుగుతూ నీళ్ళు పోశాడు.

"గట్టిగ అనరా బావా! తిట్టినప్పుడు గల్లీ అంత ఇనబడ్డది" అంది గంగవ్వ. అప్పటికీ ఆమె కోపం చల్లారలేదు. అతడు మళ్ళీ, అందరికీ వినబడేలా చెప్పాడు. ముత్తమ్మ అడుగు వేసింది. డప్పు మోగింది.

ఆ పావలా నేటికీ తల్లి పాదాల వద్దనే ఉంది.

నిరపరాధి పక్షాన రగిలిన ఆ గంగవ్వ కోపం ఎన్నడూ చల్లారకుండుగాక! ఆ బొటనవేలి చూపు మందగించకుండుగాక! నర్సింహులుతో, బిడ్డలతో ఆ ఇల్లు పసుపు వాడని గడపతో, ఆరని పొయ్యితో నూరేళ్ళు చల్లగా వర్ధిల్లుగాక!