మా ఎర్ర బండి గొంతు

నిన్న పొద్దున పాల కోసం గల్లీలోకి దిగానో లేదో, పక్కింటివాళ్ల కొత్త బ్యాటరీ కారు చప్పుడు లేకుండా నా వెనకాలే వచ్చి, చీర చెంగు తగిలేంత దగ్గరగా ఆగింది. పిల్లిలా వచ్చావేమిరా అని పక్కింటబ్బాయిని తిడితే, అతను నవ్వి, "ఇంజినే లేదు పెద్దమ్మా, సప్పుడు యాడికెళ్లి వస్తది?" అన్నాడు. గొణుక్కుంటూ ఇంటికి వచ్చానే గాని, రోజంతా మా ఎర్ర బండే మనసులో తిరుగుతూ ఉంది. అందుకే మనవరాలిని కూర్చోబెట్టి, నేను చెబుతాను, నువ్వు రాసిపెట్టు అన్నాను.

ధూల్‌పేటలో మా ఆయనకు తాళ్ల దుకాణం ఉండేది. పొద్దంతా కొబ్బరి పీచు దుమ్ములో కూర్చునే మనిషికి రేసుల్లో ఉరికే బండి మీద ఆశ ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. పాత హవేలీ ఒకటి ఖాళీ చేస్తుంటే, అందులో మూలన పడి ఉన్న ఎర్రటి విదేశీ కారును ముచ్చటపడి తెచ్చుకున్నారు. పొడుగాటి ముక్కు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు, పైన బట్ట టాపు, లోపల రెండంటే రెండే సీట్లు. ఆ రెండు సీట్ల గురించి మా ఇంట్లో అయిన లొల్లి అంతా ఇంతా కాదు. మొదటి రోజు మా అత్తగారు ఎక్కి కూర్చున్నారు, నేను గడపలో నిలబడి చూశాను. దిగేటప్పుడు ఇద్దరు పట్టి లాగవలసి వచ్చిందని ఆమె మళ్లీ దాని జోలికి పోలేదు. అలా ఎడమ సీటు నాదైంది.

ఆ బండి గొంతు బొంగురు. నా గొంతూ అంతే, చిన్నప్పటి నుంచీ. పేరంటాల్లో పాట పాడమని నన్ను ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మా ఆయన మాత్రం, ఇంట్లో ఇద్దరిదీ ఒకటే గొంతని నవ్వేవారు. మలుపు దగ్గర ఆ గురగుర వినబడగానే నేను స్టవ్ మీద నీళ్లు పెట్టేదాన్ని, ఆయన చెప్పులు విడిచేసరికి టీ సిద్ధంగా ఉండేది.

ఆయన పోయాక బండి టార్పాలిన్ కింద మూగదైపోయింది. మా మరిది మంచివాడే, కానీ లెక్క మనిషి. "తుప్పు వట్టిపోతుంది వదినా, అడిగేటోళ్లకు ఇచ్చేద్దాం. దసరా పూజకు తనంతట తాను నడిచొస్తే ఉంచుకుందాం. తోసుకొచ్చే బండికి నిమ్మకాయలేంది?" అన్నాడు. సరేనన్నాను.

ఇక మెకానిక్ కోసం తిరిగాం. మలక్‌పేటలో ఒకాయన ఇంజిన్ పీకేసి కొత్త కారుది పెడతానన్నాడు. ఇంకొకాయన నిజంగానే నడిపించి ఇచ్చాడు, కుట్టు మిషన్‌లా మెత్తగా పోతుంటే మా మరిది మురిసిపోయాడు. ఇది మన బండి కాదన్నాను నేను.

"నడుస్తుంది గద వదినా!"

"నడుస్తుంది. పలుకుత లేదు."

ఆ మాట అన్న వారానికే ఎత్తు మీద ఆగిపోయింది. చివరికి మా దుకాణం తాడే కట్టి, వినాయకుడి బొమ్మలు మోసే టెంపో వెనక లాక్కుపోవలసి వచ్చింది. ఆ టెంపో అతనే, గిసొంటి బండ్లకు సైదాబాద్‌లో ఒక ఉస్తాద్ ఉన్నాడని చెప్పి, నేరుగా ఆ రేకుల షెడ్డు ముందు దించాడు.

ఉస్తాద్‌ది గోరింటాకు పెట్టిన గడ్డం. బానెట్ తెరవనేలేదు. "మంచిగున్నప్పుడు ఎట్ల మాట్లాడుతుండె? జెర జేసి సూపియ్యి అమ్మా, షరమ్ పడకు" అన్నాడు. అంతమంది మగవాళ్ల మధ్య కొంగు సర్దుకుని, గొంతులోంచి ఆ గురగుర చేశాను. మా మరిది తల అటు తిప్పుకున్నాడు. ఉస్తాద్ మాత్రం కళ్లు మూసుకుని విని, "ఫిర్ ఏక్ బార్" అన్నాడు. మళ్లీ చేశాను.

"రెండు ముక్కులతోని ఊపిరి దీస్తది ఈ బండి. ఒకటి మూసుకపోయింది. ముందు జేసినోళ్లు సప్పుడు బంద్ జేసి రోగం బంద్ అయిందనుకున్నరు" అన్నాడు.

అప్పుడు నా ఫికర్ సగం తగ్గింది. విప్పిన ప్రతి సామానూ గుడ్డ మీద పరిచి, నాకు చూపించి, అదే మళ్లీ బిగించేవాడు. ఆఖరి రోజు ఒక రబ్బరు గొట్టం ఇచ్చి, ఒక కొస చెవిలో పెట్టుకోమని, రెండో కొస ఒక కార్బ్యురేటర్ మూతి దగ్గర, ఆ తరవాత ఇంకోదాని దగ్గర పెట్టాడు. ఒకవైపు ఊపిరి నిండుగా, ఇంకోవైపు ఆయాసంగా ఉంది. అతను స్క్రూ తిప్పుతూ నా మొహం వంకే చూశాడు. రెండు ఊపిరులూ ఒకటైన క్షణం నేను చెయ్యెత్తాను, షెడ్డంతా మా బండి గొంతే.

దసరా నాడు అది తనంతట తానే పూజకు వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక మా మరిది స్టీరింగ్ వదలలేదు. "ఇగ ఎవ్వలకియ్యను పో!" అన్నాడు, నేనే ఇచ్చేస్తానన్నట్టు.

ఉస్తాద్‌కు ఇప్పుడు వినబడదు, ఇంజిన్ల మధ్యే చెవులు అరగదీసుకున్నాడు. బండి తీసుకుని షెడ్డుకు పోయినప్పుడల్లా అరచెయ్యి బానెట్ మీద ఆనించి, గొట్టం నాకిచ్చి, "నా చెవులు ఖతం, నువ్వే చెప్పు అమ్మా" అంటాడు. చెయ్యెత్తి చెబుతాను.

పక్కింటి పిల్లకు ఆ బ్యాటరీ కారులో మొగుడు వచ్చేది గంట కొట్టేదాకా తెలియదు. మా రోజుల్లో మనిషి కంటే ముందు మనిషి చప్పుడు ఇల్లు చేరేది. ఆ కాస్త సందులోనే కొంగు సర్దుకునేవాళ్లం, కోపం మింగేవాళ్లం, నీళ్లు పొయ్యి మీద పెట్టేవాళ్లం. ఆదివారాలు మా మరిది బండి తిప్పుకొస్తాడు. మలుపు దగ్గర ఆ గొంతు వినబడగానే ఇప్పటికీ లేచి టీ పెడతాను. తాగేది మా మరిదే, కానీ ఆ మలుపు నుంచి గుమ్మం దాకా వచ్చేది మాత్రం మా ఆయనే.