తమ్ముడి కాలు వదలని పిల్ల

మా సుగుణకు అప్పుడు ఐదేళ్ళు. రెండో కాన్పుకి మండవల్లి దగ్గర పుట్టింట్లో ఉన్న నేను, కొల్లేరు పొంగి ఇంట్లోకి నీళ్ళు రావడంతో, పిల్లలిద్దరితో తాడేపల్లిగూడెం తిరిగొచ్చేశాను. మావారు ఇక్కడ మిషన్ బడిలో మాస్టారు.

వచ్చిన కొత్తలోనే ఒక రాత్రి ఉయ్యాల కిర్రుమంటే మెలకువ వచ్చింది. చూద్దును గదా, సుగుణ నిలబడి చంటివాడి కాలు రెండు చేతులతోనూ పట్టుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. పిలిస్తే పలకదు. భుజం పట్టి కుదిపాను. అంతే, వీధి వీధంతా లేచేలా కేకలు పెట్టింది.

అది మొదలు రోజూ అదే తంతు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండేది కాదు. అత్తగారు ప్రార్థన చేసి నుదుట నూనె రాశారు. పక్కింటావిడ గాలి సోకిందంటూ తాయెత్తు తెచ్చింది. ఇక లాభం లేదని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

లేడీ డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి, కనురెప్పలు తిప్పి, పొట్ట నొక్కి చూశారు.

"దీన్ని సోమ్నాంబులిజం అంటారమ్మా. నిద్రలో నడవడం. దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. అరిచి లేపొద్దు. మెల్లిగా చెయ్యి పట్టుకుని పక్క మీదికి తీసుకెళ్ళండి."

"తగ్గుతుందాండీ?"

"ఎదిగేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. ముందు కడుపులో పురుగులున్నాయేమో చూద్దాం" అని శాంటోనిన్ అనే పురుగుల మందు ఇచ్చారు.

మర్నాడు తెల్లన్నం వడ్డిస్తే, "అమ్మా, ఇవాళ పులిహోర చేశావేం?" అంది సుగుణ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లకి మతి పోయిందని నేను గోల పెడుతుంటే మావారు తాపీగా, ఆ మందు వేసుకుంటే ఒక రోజు పాటు అన్నీ పసుప్పచ్చగా కనిపిస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారన్నారు. నాకు చెప్పడం మరిచిపోయారట. ఆ పూట ఆయనకి అన్నం కంటే చీవాట్లే ఎక్కువ పెట్టాను.

పురుగులు పడ్డాయి. నడక మాత్రం పోలేదు.

"చంటాడి ఉయ్యాల నా గదిలో పెట్టి గడియ వేసుకుంటానమ్మాయ్. వాడైనా హాయిగా పడుకుంటాడు" అన్నారు అత్తగారు. సరేనన్నాం. అదే కొంప ముంచింది. ఆ రాత్రి లేచి చూస్తే పక్క మీద సుగుణ లేదు. పెరటి తలుపు తీసి ఉంది. మా పెరటి వెనకే కాలువ.

రేవులో నడుం లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ ముంచి దేనికోసమో వెతుకుతోంది నా తల్లి. కేక గొంతు దాకా వచ్చింది. డాక్టరుగారి మాట గుర్తొచ్చి మింగేశాను. దిగి, చెయ్యి పట్టుకుని, "రామ్మా, ఇంటికి పోదాం" అన్నాను. బుద్ధిగా వచ్చేసింది. తడి బట్టలు మారుస్తుంటే కూడా లేవలేదు. నేను తెల్లారేదాకా తలుపుకి అడ్డంగా కూర్చున్నాను.

పొద్దున్నే చంటివాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తున్నాను. వాడు కాస్త జారాడు. ఎక్కడినుంచి చూసిందో సుగుణ పరుగెత్తుకొచ్చి వాడి కాలు పట్టేసుకుంది.

"వదులమ్మా."

"వదలకూడదు. వదిలితే తమ్ముడు కొల్లేట్లో పడిపోతాడని మావయ్య చెప్పాడు."

నాకప్పుడు గుర్తొచ్చింది. పొంగు రోజున మా అన్నయ్య మమ్మల్ని తాటిదోనెలో ఒడ్డుకి చేర్చాడు. పిల్ల కదలకుండా కూర్చోవాలని తమ్ముడి కాలు దాని చేతికిచ్చి ఆ మాట అన్నాడు. దిగాక మూటలు మోసుకునే హడావిడిలో, ఇక వదిలెయ్యమని దానికి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ అది ఆ పనే చేస్తోందన్నమాట. మరుక్షణం పట్టలేనంత ఆనందం, దీని జబ్బేమిటో తెలిసిపోయిందని. పిల్లవాణ్ణి అత్తగారి ఒళ్ళో పడేసి, తడి చీరతోనే బడికి పరుగెత్తాను.

"ఏవండీ, మా అన్నయ్యని రమ్మని టెలిగ్రాం ఇవ్వండి."

"టెలిగ్రామా? ఎవరో పోయారనుకుంటాడే."

"అనుకోనివ్వండి. పరుగెత్తుకొస్తాడు."

అలాగే వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేకుండా. సంగతి విని నాకు నాలుగు చీవాట్లు పెట్టి, మేనకోడలి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏమ్మా, తమ్ముణ్ణి ఇంకా పట్టుకునే ఉన్నావా?"

"ఉన్నాను మావయ్యా."

"ఎంత బాగా పట్టుకున్నావో. దోనె ఒడ్డుకొచ్చేసిందమ్మా. ఇంక నాకియ్యి" అని చెయ్యి చాచాడు.

సుగుణ నా మొహంలోకి చూసింది. నా ఒళ్ళోని తమ్ముడి కాలు తీసి మావయ్య అరచేతిలో పెట్టింది. "అయితే నేను ఆడుకోవచ్చా?" అని అడిగింది. అంత మనిషీ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తరవాత కూడా కొన్ని రాత్రులు లేచింది. ఉయ్యాల మళ్ళీ దాని పక్కనే వేశాం. "దిగిపోయామమ్మా, తమ్ముడు మావయ్య దగ్గరున్నాడు" అంటే చాలు, వెళ్ళి పడుకునేది. రానురాను అదీ మానేసింది.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. పిల్లలు నిద్రలో లేస్తుంటే డాక్టరుకి తప్పకుండా చూపించండి. దాంతోపాటు, వాళ్ళకి ఎవరైనా ఏదైనా పని అప్పగించారేమో పగటిపూట నెమ్మదిగా అడగండి. అప్పగించిన మనిషి చేతే, అయిపోయిందని చెప్పించండి.

నిన్న మధ్యాహ్నం పిల్లలిద్దరూ మంచం మీద పడుకున్నారు. చిన్నవాడు దొర్లి దబ్బున కిందపడి ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. సుగుణ కళ్ళు తెరవలేదు. వాడి జాగా కూడా ఆక్రమించి, కాళ్ళు బారచాపి గుర్రు పెట్టింది.