ఆ రెండు గదుల మధ్య దూరం

ఈ రోజు చిన్నమ్మను ఎల్బీనగర్‌లో ఆడవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే. గర్భసంచి ఆపరేషన్‌కు ముందు గుండె చూపించాలన్నారు. గుండె డాక్టరు పరీక్ష చేసి, తలుపు తీసి పక్క గదిలోని కాన్పుల డాక్టరమ్మను పిలిచాడు. ఇద్దరూ మాట్లాడుకుని మందులు రాశారు.

బయటికొచ్చాక చిన్నమ్మ ఆ రెండు గదుల మధ్య అటూ ఇటూ నడవసాగింది.

“ఏమైంది చిన్నమ్మా?”

“పది అడుగులే ఉన్నది బిడ్డా. అరవై తొమ్మిదిల తెలంగాణ గొడవలల్ల మీ అమ్మకు నొప్పులొచ్చినయ్. గుండె జబ్బున్నదని కాన్పుల దవాఖానోళ్లు పెద్ద దవాఖానకు పొమ్మన్నరు. నడుమ కర్ఫ్యూ. పోలీసోళ్లు రిక్షా ఆపిన్రు. నువ్వు అండ్లనే పుట్టినవ్. నీ ఏడుపు మీ అమ్మ ఇన్నదో లేదో నాకు ఇప్పటికీ తెల్వది.”

అమ్మ ఇంట్లోనే, నన్ను పక్కన పడుకోబెట్టుకుని, నిద్రలో పోయిందని ఇన్నేళ్లూ చెప్పింది చిన్నమ్మే. దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా ఆటోలో ఆవిడ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

సాయంత్రం నుంచి ఏ చప్పుడైనా పసిపిల్ల ఏడ్చినట్టే వినిపిస్తోంది. మీ పుట్టుక గురించి మీ పెద్దవాళ్లను ఎప్పుడైనా అడిగారా? యాభై దాటినా నేను అడగలేదు, అడగకుండానే తెలిసింది. తెలియకపోతేనే బాగుండేదా? మీరే చెప్పండి.